శ్మశాన వైరాగ్యం ఎన్నాళ్ళు నిలుస్తుందండీ? నాకు 19 రోజులే నిలిచింది

గోదారిగట్టు:

అందరికీ నమస్కారమండీ. ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ అడుగుతున్నా, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

ఫిబ్రవరిలో మా నాన్నగారు పోయారు. 74 ఏళ్ళు. షుగర్ తప్ప పెద్ద జబ్బేమీ లేదు, పొద్దున్న పేపర్ చదువుతూ అమ్మని రెండో కాఫీ అడిగారంట, అమ్మ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కుర్చీలో తల పక్కకి వాలిపోయి ఉందంట. అంతే. నేను కూకట్‌పల్లి నుంచి కొవ్వూరు చేరేసరికి సాయంత్రం నాలుగైంది, అప్పటికే ఫ్రీజర్ బాక్సులో పెట్టేశారు.

దింపుడు కళ్ళం అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఆఫీసులో కూడా వాడేవాళ్ళం, ప్రాజెక్ట్ పోయిందని తెలిసీ క్లయింటుకి ఇంకో మెయిల్ కొడుతుంటే "దింపుడు కళ్ళం ఆశరా బాబూ" అని నవ్వుకునేవాళ్ళం. నిజంగా చెయ్యడం మాత్రం ఇదే మొదటిసారి. సగం దారిలో పాడె దించారు, మా బాబాయి "చెవిలో మూడుసార్లు పిలు" అన్నాడు. వంగి నాన్నా అన్నా. రెండోసారి కొంచెం గట్టిగా అన్నా. మూడోసారి పిలిచాక, నిజం చెప్తున్నానండీ, ఒక్క క్షణం ఆగా. పలుకుతారేమో అని. 43 ఏళ్ళొచ్చి, సాఫ్ట్‌వేర్లో టెస్టింగ్ చేసి బతికేవాడిని, ఆగి చూశా. చెవి మీద పొడుగాటి వెంట్రుకలు ఉండేవి ఆయనకి, మంగలి దగ్గరకెళ్ళినప్పుడు అవి కూడా కత్తిరించుకోవచ్చు కదా అని ప్రతి పండక్కీ విసుక్కునేవాణ్ణి, అవి అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుంటే అంతా అద్దంలో చూసినట్టు కనబడిపోయింది. ఈ అప్రైజల్సు, ఈఎంఐలు, మా పెదనాన్న కొడుకుతో గట్టు దగ్గర రెండు గజాల తగాదా, ఇవన్నీ ఏంటి అసలు అనిపించింది. పదకొండో రోజు మా అన్నయ్యని పక్కకి పిలిచి ఆ రెండు గజాలూ నువ్వే ఉంచుకోరా అని చెప్పేశా కూడా (వాడు అనుమానంగా చూశాడు, అది వేరే సంగతి). ఇంక ఆరింటికల్లా ఇంటికొచ్చేయాలి, పాపతో కూర్చోవాలి, ఎవరి మీదా అరవకూడదు, ఇలా చాలా అనుకున్నా. అనుకోవడమే కాదు, రెండు వారాలు పైనే నిజంగా అలాగే ఉన్నా.

పంతొమ్మిదో రోజు మా అపార్ట్‌మెంట్ 304 ఆయన కారు అడ్డంగా పెట్టేసి వెళ్ళాడు. ఫోన్ ఎత్తడు. అరగంట తర్వాత దిగొస్తే సెల్లార్లో నేను వేసిన కేకలకి వాచ్‌మన్ పిల్లలు బయటికొచ్చి చూశారు. తర్వాత లిఫ్టులో అద్దం ఉంటుంది కదా, అందులో చూసుకుంటే గుండు మీద వెంట్రుకలు ఇంకా గరుకుగా, పావంగుళం కూడా లేవు. జుట్టు పెరిగేదాకా కూడా ఆగలేదండీ నా జ్ఞానోదయం.

ఇంకోటి. మా వైపు మనిషి ఆయుష్షుని పుష్కరాలతో కొలుస్తారు కదా. గురుడు సింహరాశిలోకొస్తే గోదారికి పుష్కరాలు, పన్నెండేళ్ళకోసారి. నాన్నకి వాళ్ళమ్మ చంకలో ఉండగా ఒకటి, తర్వాత 67, 79, 91, 2003, 2015, మొత్తం ఆరు. 91లో నాకు తొమ్మిదేళ్ళు, గోష్పాదం రేవు మెట్ల మీద జనంలో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. 2015లో మొదటి రోజు, జులై 14, మేము ఇటు ఒడ్డున మునిగి పైకొచ్చి ఇడ్లీ తింటుంటే అందరి ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలెట్టాయి, అవతల రాజమండ్రి పుష్కర ఘాట్లో తొక్కిసలాట, ఇరవై మందికి పైగా పోయారు. నాన్న ప్లేటు కింద పెట్టేసి అవతలి ఒడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. "వాళ్ళూ మనలాగే రాత్రే తువ్వాళ్ళు సర్దిపెట్టుకుని ఉంటార్రా" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. 2027కి మాత్రం అందరం కలిసి రావాలన్నారు.

నేను లెక్కేసుకున్నా. నాకు 91, 2003, 2015 అయిపోయాయి. 80 దాకా ఉంటాననుకున్నా 2027, 2039, 2051. అంతే. మూడయ్యాయి, మూడున్నాయి. రాత్రి పూట ఈ మూడు అన్న అంకె వచ్చి గుండెల మీద కూర్చుంటోంది.

నా ప్రశ్న ఏంటంటే, ఆ అరుగు మీద రాత్రి కనబడింది అబద్ధమా, లేకపోతే సెల్లార్లో అరిచిందే నేనా? ఆ రాత్రిది నిలబెట్టుకునే దారి ఎవరికైనా తెలుసా? ప్రవచనాల లింకులు మాత్రం పెట్టకండి ప్లీజ్, మా అత్తగారు రోజుకి నాలుగు పంపిస్తున్నారు.

—

పులిహోర_పొట్లం:

ప్రవచనం లింక్ పెడదామనే వచ్చా, చివరి లైన్ చూసి వెనక్కెళ్ళిపోతున్నా 🙏 నాన్నగారికి శాంతి కలగాలి.

—

నైట్‌డ్యూటీ_అక్క:

తమ్ముడూ, ముందుగా నాన్నగారి గురించి బాధగా ఉంది. కాఫీ అడిగి వెళ్ళిపోయారంటే, నా ఉద్యోగంలో ఉన్నవాళ్ళం అందరం అలాంటి చావే కోరుకుంటాం అని మాత్రం చెప్పగలను.

నేను 11 ఏళ్ళు ఐసీయూలో చేసి, ఇప్పుడు ఆరేళ్ళుగా పాలియేటివ్ కేర్లో నర్సుని, అంటే ఇంక నయం కాదు అని తేలిపోయినవాళ్ళకి నొప్పి లేకుండా చూసే డ్యూటీ, ఎక్కువ ఇళ్ళకే వెళ్తాం. పెద్దవాళ్ళు వైరాగ్యాలు మూడు అని ఎందుకన్నారు, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. మీ మగవాళ్ళు మూడోదాని గురించే మాట్లాడతారు. రెండోదాన్ని లేబర్ రూమ్‌లో నేను బోలెడుసార్లు చూశా, "ఇంక జన్మలో మొగుణ్ణి దగ్గరికి రానివ్వను" అని అరిచిన అమ్మాయే రెండేళ్ళకి స్వీట్ బాక్సుతో వచ్చి అక్కా మళ్ళీ నెల తప్పింది అంటుంది. అది మర్చిపోబట్టే కదా రెండో పిల్ల పుట్టింది. మరి మర్చిపోవడం తప్పెలా అవుతుంది? ఆ రాత్రి మీకు కనబడింది నిజమే, సెల్లార్లో అరిచిందీ మీరే, రెండిట్లో ఒకటి అబద్ధం అవ్వాలని ఎవరన్నారు.

నేను దగ్గర్నుంచి చూసింది ఒకటి చెప్తా. చనిపోయేవాళ్ళకి వైరాగ్యం ఉండదండీ, చూసేవాళ్ళకే ఉంటుంది. పరీక్షిత్తుకి ఏడు రోజులు టైమిస్తే కూర్చుని హరికథలు విన్నాడంటారు, మా దగ్గర ఒక మామ్మగారికి డాక్టరు నెలా రెండు నెలలు అంటే ఆవిడ రోజూ ఏడున్నర సీరియల్లో ఆ కోడలు ఇంట్లోంచి వెళ్తుందా వెళ్ళదా అని టెన్షన్ పడింది. వాళ్ళబ్బాయికి కోపం, అమ్మా ఇప్పుడైనా దేవుణ్ణి తలుచుకో అంటాడు. నేనే ఆయన్ని బయటికి పంపేసి టీవీ సౌండ్ పెంచా.

ఇంకొకాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తుల కేన్సరు. చివరి పది రోజులు మగతలోనే ఉండేవారు, కానీ దుప్పటి మీద కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కదులుతూనే ఉండేవి, మొదటి రోజు ఫిట్స్ ఏమో అని భయపడ్డా, వాళ్ళావిడ చూసి "టిక్కెట్లు చింపుతున్నారమ్మా" అంది. ఒకరోజు తెలివొచ్చినప్పుడు నీకేం కావాలి నాన్నా అని అడిగితే మాగాయ టెంక అన్నారు. తినలేరు కదా, టెంక కడిగి పెదాలకి రాశాం. ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచీ నేను భోజనం దగ్గర ఫోన్ చూడట్లేదు, అది ఒక్కటే నాకు ఆ ఉద్యోగం నేర్పింది, మిగతా విషయాల్లో నేను కూడా పార్కింగ్ దగ్గర అరిచే రకమే.

పనికొచ్చే ముక్క ఒకటి, చాలామందికి తెలీదు. రేపు మనం వెంటిలేటర్ మీద ఉంటే, కోలుకునే ఆశ లేకపోతే ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ముందే రాసిపెట్టుకోవచ్చు, లివింగ్ విల్ అంటారు. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది గానీ అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం అవీ ఉండి ఎవరూ చెయ్యలేకపోయారు, 2023 జనవరిలో రూల్స్ తేలిక చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. నేను 45కే రాశా. మా ఆయన సాక్షి సంతకం పెట్టనని రెండు రోజులు అలిగాడు, సాక్షి నువ్వు కాదులే అంటే అప్పుడు అన్నం తిన్నాడు. అలాగే మార్ఫిన్ అంటే భయపడకండి, దాని చట్టం 2014లో మార్చి రోగులకి దొరికేలా చేశారు, అయినా ఇప్పటికీ "అది ఇస్తే త్వరగా పోతారంట కదా" అని నొప్పితో ఉంచేస్తున్నారు పాపం.

—

ఫైల్_నెం_7:

అందరూ భలే లోతుగా ఉన్నారు. నేను పోయిన సంవత్సరం నాన్నని పోగొట్టుకున్నా, నాకు వైరాగ్యం రావడానికి టైమే దొరకలేదు, ఎందుకంటే ఆయన ఒక్క కాయితం కూడా సరిగ్గా పెట్టలేదు.

ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించండి, దాటితే లేట్ ఫీజు, సంతకాలు, తిరుగుడు. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎన్ని తీసుకోవాలి అని ఎవరో అడిగితే పది అని చెప్తా. పేరులో ఒక్క అక్షరం ఆధార్లో ఒకలా, పాస్‌బుక్కులో ఒకలా ఉంది మా నాన్నది, ఆ ఒక్క అక్షరం కోసం నాలుగు నెలలు తిరిగా. బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటే డబ్బులన్నీ ఆయనవే అనుకుంటారు చాలామంది, కాదు, నామినీ డబ్బులు తీసుకుని వారసులకి ఇవ్వాల్సిన మనిషి మాత్రమే, ఇది తెలీక మా చిన్నాన్నకీ అత్తయ్యకీ ఇప్పటికీ మాటల్లేవు.

అయితే ఒక సంగతి. ఆ ఫైళ్ళ కోసం బీరువా అంతా గాలిస్తుంటే ఒక ప్లాస్టిక్ కవర్లో నా ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు దొరికింది. లెక్కల్లో 31. దాని మీద ఆయన సంతకం ఉంది, కానీ ఆ సంతకం ఆయనది కాదు, నేను పెట్టింది! ఆయనకి ఎప్పుడు దొరికిందో, ఎందుకు దాచారో, ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదో. ఎల్ఐసీ బాండు దాచనివాడు దీన్ని 28 ఏళ్ళు దాచాడు. ఆ రోజు ఇంక ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు.

కాబట్టి గట్టు అన్నా, వైరాగ్యం సంగతి నాకు తెలీదు గానీ ముందు ఆ రెండు గజాలు మీ అన్నయ్యకి ఇచ్చానన్నారు కదా, అది నోటి మాటతో వదిలేయకండి, రాసుకోండి. రేపు మీ పిల్లలూ వాళ్ళ పిల్లలూ కొట్టుకుంటారు.

—

తాటివనం:

అన్నా, నేను జగిత్యాల దిక్కు, ధర్మపురికి దగ్గర ఊరు. 62 ఏండ్లు. ఫోన్ల మాట్లాడితే మా మనుమరాలు టైపు జేస్తుంది, తప్పులుంటె ఆమెవి.

మా తాన మూడొద్దులకు పిట్టకు పెడ్తం. పోయినోనికి ఇష్టమైనయన్ని ఆకుల వెట్టి పక్కకు నిలవడ్తం, కాకి వచ్చి ముడితె ఆయన తృప్తిగ వోయిండని లెక్క. మా అన్న సచ్చినపుడు యాటకూర వెట్టినం, గారెలు వెట్టినం, సర్వపిండి వెట్టినం, ఒక్క పిట్ట రాలె. గంట నిలవడ్డం ఎండల. వదినె ఏడుసుకుంట "బిడ్డ పెండ్లి మంచిగ జేస్తం, ముట్టు" అన్నది, రాలె. "అప్పు నేను గడ్త" అని నేనన్న, రాలె. మా ఊరి సాకలి ముసలాయన ఒకడు మెల్లగ జేబులకెళ్ళి బీడికట్ట దీసి ఒక బీడి ఆకుల వెట్టిండు. నవ్వొద్దు అన్నా, రెండు నిముషాలల్ల కాకి దిగింది. గారె ముట్టింది, బీడి ముట్టలె అనుకో. కని అందరం ఏడ్సుకుంటనె నవ్వినం. ఆ నవ్వు యాదికున్నంత మా అన్న సావు నాకు యాదికి లేదు.

నువ్వు మూడు పుష్కరాలే అని గుండె మీద వెట్టుకున్నవు, నాకు ఎన్నున్నయో సూడు. 2027ది కచ్చితంగ జూస్త అనుకుంటున్న, 2039కి నాకు 76. రైతుబీమ తెలుసుగద, 18 ఏండ్ల సంది 59 దాక ఉన్నోళ్ళకే, సస్తె ఇంటోళ్ళకు 5 లక్షలు. 60 వడ్డంక లేదు. అంటె సర్కారు లెక్కల నా సావుకు ఇప్పుడు ఇలువ సున్న. మా ఇంటామె ఊకె అంటది, "నువ్వు సచ్చుడుల గూడ ఆలిస్యమె జేస్తివి" అని.

అయిన నేను మూడేండ్ల కింద ఒడ్డు మీద నలభై తాటిగింజలు వెట్టిన. మా కొడుకు నవ్విండు, ఏ మామిడో జామో వెట్టక అదేంది నాయినా, తాడు కల్లుకొచ్చేటాలకు ఎన్నేండ్లు అని. నాకెర్కలేదా, పది పదిహేనేండ్లకు పైమాటె. కని నేను తాగిన కల్లు ఎవడు వెట్టిన తాడుది? మా తాత గూడ వెట్టలె, మా తాతకు తెల్వనోడు ఎవడో వెట్టిండు. వానికి నా పేరు తెల్వది, నాకు వాని పేరు తెల్వది, కని ఎండకాలం పొద్దుమూకినంక లొట్టి ముంగటవెట్టుకుంటె వాడు నేను ఒక్క తానె కూసున్నట్టుంటది. దాన్ని మీ సదువుకున్నోళ్ళు ఏమంటరో నాకు తెల్వది.

ఇంకో మాట, పొద్దుగాల్ల ఆ మొలకల కాడికి వోతె సావు గీవు ఏం యాదికి రాదు. పందులు తవ్వినయా లేదా అన్నదే యాదికొస్తది.

—

డల్లాస్_చిన్నోడు:

ఈ థ్రెడ్ ఆఫీసులో చదవడం తప్పయిపోయింది, తాటివనం గారి బీడీ దగ్గర నవ్వి ప్రోగ్రెస్ కార్డు దగ్గర బాత్రూమ్‌లోకి వెళ్ళాల్సొచ్చింది.

గట్టు గారూ మీ లెక్కల గురించి రాద్దామని. మా నాన్న 2021 మేలో కోవిడ్‌తో పోయారు. నేను రాలేకపోయా. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, నాకు రాత్రి రెండున్నర, మా తమ్ముడు పీపీఈ కిట్‌లో ఉండి ఒక చేత్తో ఫోన్ పట్టుకున్నాడు, శ్మశానంలో టోకెన్లు, మా టోకెన్ వచ్చేసరికి నా వైఫై రెండుసార్లు కట్ అయింది. దింపుడు కళ్ళం లేదు, చెవిలో పిలవడం లేదు, కవర్ జిప్ కూడా తియ్యనివ్వలేదు. మీరు మూడుసార్లు పిలిచి ఆగి చూశాను అని సిగ్గుపడుతున్నట్టు రాశారు. నాకైతే ఆ లైన్ చదివి అసూయ వచ్చింది, అంతే చెప్తా.

తర్వాత నేను కూడా మీలాగే లెక్కలు మొదలెట్టా, ఇంకా ఘోరంగా, ఎక్సెల్ షీట్. అమ్మకి 71, ఏడాదిన్నరకోసారి ఇండియా, ట్రిప్పుకి మూడు వారాలు, అందులో అత్తారిల్లు, పెళ్ళిళ్ళు, డెంటిస్టు పోను అమ్మతో నికరంగా ఎన్ని రోజులు, ఇంకెన్ని ట్రిప్పులు అని. ఎనిమిది అని తేలింది. ఆ ఎనిమిది పట్టుకుని నెక్స్ట్ ట్రిప్ వెళ్ళా. బ్రహ్మాండంగా గడపాలి ప్రతి నిమిషం అని. ఏమైందంటే, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు అయిపోయింది. అమ్మ వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నా, వీడియో తీస్తున్నా, మీ చిన్నప్పటి కథలు చెప్పమ్మా అంటున్నా. మూడో రోజుకి అమ్మ కత్తిపీట పక్కకి తోసి "ఏంట్రా అలా చూస్తావ్, నేనేమన్నా రేపు పోతున్నానా? వెళ్ళి ఫోన్ చూసుకో పో" అంది. నిజంగా భయపడింది, డాక్టర్ నాకేమన్నా చెప్పాడేమో, నేను దాస్తున్నానేమో అనుకుంది.

అప్పుడు వెళ్ళి హాల్లో పడుకుని ఫోన్ చూసుకున్నా. ఆవిడ వంటింట్లోంచి ఎవరో సుబ్బలక్ష్మి గారి కోడలి మీద ఏదో చెప్తూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నా, సగం వినకుండానే. ఆ ట్రిప్‌లో నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే, పోపు వాసనా, ఆవిడ గొంతూ, నేను సరిగ్గా వినకపోవడమూ. షీట్ డిలీట్ చెయ్యలేదు గానీ తెరవట్లేదు.

అందుకని మూడు పుష్కరాలని లెక్కపెట్టకండి అనట్లేదు, అంకె ఒకసారి తెలియడం మంచిదే, నేను దాని వల్లే ఏడాదిన్నర ట్రిప్పుని ఏడాదికి మార్చా. కానీ అంకెని అమ్మకి కనబడనివ్వకూడదు.

—

పులిహోర_పొట్లం:

మళ్ళీ వచ్చా. "అంకెని అమ్మకి కనబడనివ్వకూడదు" స్క్రీన్‌షాట్ తీసుకున్నా. మా అమ్మకి ఫోన్ చేశా, ఏంటి ఈ టైములో, డబ్బులేమన్నా కావాలా అంది.

—

గోదారిగట్టు:

రెండు రోజులుగా అందరివీ చదువుతున్నా, కొన్ని మా ఆవిడకి పైకి చదివి వినిపించా. విడివిడిగా జవాబులు రాయలేను, ఏమనుకోకండి.

నర్సు అక్కా, మాగాయ టెంక దగ్గర ఆగిపోయా. నాన్న పోయిన రోజు ఆ రెండో కాఫీ సంగతి. అమ్మ తెచ్చిన గ్లాసు కిటికీలోనే ఉండిపోయింది, ఎవరూ తియ్యలేదు, మూడో రోజు నేను చూసేసరికి పైన మీగడ కట్టి చీమలు పట్టాయి. నేనే కడిగా. షుగర్ ఉన్నాయన కాఫీలో చీమలేంటి అని అమ్మని అడిగితే, "రెండోదాంట్లో నేను అర చెంచా వేసేదాన్నిరా, మీ నాన్నకి తెలుసు, నాకు తెలుసు, నీకు చెప్పలేదు" అంది. 43 ఏళ్ళలో నాకు తెలీని సంగతి.

ఫైల్ నెం 7 గారూ, రెండు గజాలది రాసుకుంటాం. అన్నయ్య ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగాడు, "నిజంగానే అన్నావా, ఏడుపులో అన్నావా" అని. రెండూ అన్నా.

304 ఆయనతో ఇంకా మాటల్లేవు. అబద్ధం ఎందుకు చెప్పాలి. నిన్న లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం, ఐదో ఫ్లోర్ దాకా ఇద్దరం అంకెలే చూస్తూ నిలబడ్డాం, ఆయన మూడులో దిగడం కూడా మర్చిపోయాడు.

నాన్న ఫోన్‌కి ఈ రోజు మళ్ళీ 84 రోజుల రీఛార్జ్ వేశా. వెయ్యకపోతే కొన్నాళ్ళకి ఆ నంబర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారంట. ఎవరూ చెయ్యరు దానికి, పళ్ళ డాక్టరు వాళ్ళ మెసేజీలు తప్ప ఏమీ రావు. పుష్కరాల్లో లెక్కపెట్టడం మానేశా, ప్రస్తుతానికి 84 రోజులు చొప్పున నడుస్తోంది.

2027కి మాత్రం వెళ్తున్నాం, అమ్మతో సహా. పాపకి అప్పటికి పదమూడు, చెయ్యి పట్టుకోనిస్తుందో లేదో. తాటివనం గారూ, మీరు ధర్మపురిలో మునుగుతారు కదా, ఆ నీళ్ళే మా కొవ్వూరు వస్తాయి, అక్కడ ఎవరు మునిగారో ఇక్కడ మాకు తెలీదు.

—

తాటివనం:

నీళ్ళు అచ్చేదాక ఆగుడెందుకు అన్నా, నువ్వే రా. అమ్మను, పాపను తోల్కరా. ధర్మపురిల జనం నిండుతరు, మా ఇల్లు ఊర్లనే, బంగ్ల మీద పది మంది పండొచ్చు. మునిగినంక కల్లు నా దిక్కుకెళ్ళి. నేను వెట్టిన తాళ్ళది గాదు, అవి ఇంక మోకాలంత గూడ లేవు.